సౌండ్ బూత్‌లో రెండు కుర్చీలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఆర్ట్స్ అండ్ ఫిల్మ్ వీక్ మొదటి మీటింగ్ అయింది. యూనివర్సిటీలో చదివే అన్ని దేశాల పిల్లలూ వారం పాటు పాడతారు, ఆడతారు, వాళ్ళ సినిమాలు చూపిస్తారు. నేను కల్చరల్ సెంటర్ కోఆర్డినేటర్‌ని. పేరు వింటే ఏదో కళాసేవ అనిపిస్తుంది. చేసేదల్లా ఎవరి తర్వాత ఎవరు స్టేజి ఎక్కాలో తేల్చడం, ఎక్కినవాళ్ళని దింపడం. రెండోదే కష్టం.

పోయినేడాది ప్రోగ్రాములు ఎందుకంత లేటయ్యాయని డైరెక్టరమ్మ అడిగారు. ప్రతి గ్రూపూ మేం టైముకే దిగామంది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. తర్వాత జెండాలు ఏ వరసలో పెట్టాలన్నదాని మీద వాదన. అక్షరక్రమంలో పెడదామన్నాను. ఏ భాష అక్షరక్రమం అని అడిగారు. టీ తాగొస్తానని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆయనకి చెప్పబోయాను. ఆయనది అదే యూనివర్సిటీ, ఆడిటోరియంలో సౌండ్ ఆపరేటర్. జెండాల సంగతి వింటే నవ్వుతారనుకున్నాను. వంటింట్లోంచి చెప్తూనే ఉన్నాను, ముందుగదిలోంచి ఊ లేదు, ఆ లేదు. వెళ్ళి చూస్తే పేపర్ చదువుకుంటున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు. ఏడాదిగా ఇదే వరస.

అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. కాగితం ఊ కొట్టకపోయినా పేపర్ చదువుకోదు.

ఫిబ్రవరి 6, గురువారం

అత్తగారు ఫోన్ చేశారు. ఆవిడ ఫోన్లో మాట్లాడితే పక్కవాటా వాళ్ళకి కూడా మా యోగక్షేమాలు తెలిసిపోతాయి. ఆయన ఎంత ఒద్దికగా జవాబులు చెప్పారో. మందులు వేసుకున్నావా అమ్మా, మోకాలు ఎలా ఉందమ్మా. ఒక్క మాట కూడా కింద పడనివ్వలేదు.

ఫోన్ పెట్టేశాక, బట్టలు మడతపెడుతూ నేను రెండు ముక్కలు చెప్పాను. వంటింట్లో కొళాయి చుక్క చుక్క కారుతూ నాకు నిద్ర లేకుండా చేస్తోంది. రేపు ప్లంబర్ వస్తాడు, వెళ్ళేటప్పుడు తాళం పక్కింట్లో ఇవ్వండి అన్నాను. తల ఊపారు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ప్లంబర్ వచ్చాడట. తలుపుకి తాళం చూసి వెళ్ళిపోయాడట. నేనేమీ అనలేదు. ఇక నుంచి అవసరమైతేనే మాట.

ఫిబ్రవరి 11, మంగళవారం

పోయిన శుక్రవారం సినిమా గురించి కంప్లయింట్లు వచ్చాయి. ప్రతి శుక్రవారం ఆడిటోరియంలో ఏదో ఒక సినిమా వేస్తాం. సౌండ్‌కి చెవులు చిల్లులు పడ్డాయని ముగ్గురు ప్రొఫెసర్లు రాశారు. మధ్యలో లేచి వెళ్ళిపోయామని స్టూడెంట్లు రాశారు.

కొత్తగా వచ్చిన టెక్నికల్ సూపర్‌వైజర్‌కి మా ఆయన వయసులో సగం ఉంటుందేమో. మనిషి చెడ్డవాడు కాదు, తొందరెక్కువ. మీటింగులో సౌండ్ మాట ఎత్తగానే, ఎవరూ ఏమీ అనకముందే మా ఆయన స్పీకర్లు ముసలివయ్యాయండీ అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. సూపర్‌వైజర్ నిన్ననే స్పీకర్లు చెక్ చేయించాడట. నిక్షేపంలా ఉన్నాయట. ఫెస్టివల్లో మళ్ళీ కంప్లయింట్ వస్తే ఆడిటోరియం సౌండ్ బయటి కంపెనీకి ఇచ్చేద్దామన్నాడు. ఆ బూత్‌లో ఇన్నేళ్ళుగా కూర్చున్న మనిషిని ఏం చేస్తారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

నిజం రాయాలంటే, నా మాట లెక్కచేయని మనిషికి ఎవరో ఒకరు గట్టిగా చెప్పారని లోపల కాస్త తృప్తిగా అనిపించింది. తర్వాత క్యాంటీన్‌లో ఆయన ఒక్కరే కూర్చుని టీ చల్లార్చుకోవడం చూశాను. తృప్తి పోయింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

టైటిల్స్ రిహార్సల్. పిల్లలు తెచ్చే సినిమాల్లో సగం వాటికి సబ్‌టైటిల్స్ ఉండవు. వాళ్ళ చేతే డైలాగులు మన భాషలోకి రాయించి, లైను లైనుగా లాప్‌టాప్‌లో పెడతాను. సినిమా నడుస్తుంటే ఒక్కో మాటకీ ఒక్కో మీట నొక్కుతూ కూర్చుంటాను. తెర అడుగున అక్షరాలు పడతాయి. ఆ భాష నాకు ముక్క రాదు. నటులు ఊపిరి తీసుకోవడం చూసి నొక్కుతాను. ఒక్క లైను తప్పానంటే గోవిందా, తండ్రి మాట కూతురి నోట్లో పడుతుంది.

ఈ పని కూడా సౌండ్ బూత్‌లోనే. ఆయన కుర్చీ పక్కన నా కుర్చీ. మోకాళ్ళు తగిలేంత ఇరుకు. ఇంట్లో ఇంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళయిందో. ఇవాళ వేసింది ఏదో చలిదేశం సినిమా. ఆయన హాయిగా నవ్వుతూ చూశారు. ఒకచోట నేను కునికి టైటిల్ ఆపేస్తే గాభరాగా నా వైపు తిరిగారు. ఈ మధ్య ఆయనకి పరాయి భాషల సినిమాలంటే మహా మోజు. మన సినిమాలు ఏం బాగున్నాయిలే అంటారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

జెండాల గొడవ తేలింది. జెండాలే వద్దన్నారు. ఇప్పుడు రిబ్బన్ల రంగుల మీద గొడవ.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఏం రాయాలో తెలియడం లేదు. చూసింది చూసినట్టు రాస్తాను.

ఇవాళ్టి సినిమా మన భాషదే. టైటిల్స్ పని లేదు. అయినా టైటిల్స్ వేసే నా చిన్న ప్రొజెక్టర్ మొరాయిస్తోందని చూడటానికి బూత్‌కి వెళ్ళి, సినిమా బాగుందని అక్కడే కూర్చున్నాను. కామెడీ. హాలంతా నవ్వింది. నవ్వు సగానికొచ్చాక మా ఆయన నవ్వారు. మళ్ళీ హాలు నవ్వింది. మళ్ళీ ఆఖర్న ఆయన.

మూడోసారి నేను తెర వైపు చూడ్డం మానేసి ఆయన్ని చూశాను. ఆయన కూడా తెర చూడటం లేదు. ముందు కూర్చున్నవాళ్ళ భుజాలు చూస్తున్నారు. భుజాలు కదిలితే నవ్వుతున్నారు. భుజాలు కదలకపోతే ఊరుకుంటున్నారు. మధ్యమధ్యలో చెయ్యి సౌండ్ మీట మీదికి పోతోంది. కొంచెం పైకి, ఇంకొంచెం పైకి. ముందు వరసలో ఒకావిడ చెవిలో వేలు పెట్టుకుంది.

చలిదేశం సినిమాకి ఆయన అందరితో పాటే నవ్వారు. దానికి అక్షరాలున్నాయి.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున్న ఆయన షూకి పాలిష్ వేసుకుంటుంటే వెనక నిలబడి టిఫిన్ అయిందన్నాను. జవాబు లేదు. ఇల్లు తగలబడుతోందండీ అన్నాను. షూ మెరుస్తోందో లేదో చూసుకున్నారు. తర్వాత గొంతు బాగా కిందికి దించి, మా నాన్న గొంతులా బొంగురుగా పెట్టి, ఏమండీ అన్నాను.

చటుక్కున తిరిగారు. జలుబు చేసిందా అని అడిగారు.

అవునని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కొళాయి కారుతూనే ఉంది. పాపం, అత్తగారిని ఎన్ని అనుకున్నానో. మొదటి పేజీలో నేను రాసిన సామెత కనపడింది. చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నేనే కదా రాసింది.

ఫిబ్రవరి 24, సోమవారం

అడగలేదు. ఎలా అడగను? సౌండ్ ఆపరేటర్‌ని పట్టుకుని చెవులు వినిపిస్తున్నాయా అని అడగడం అంటే ఏమిటో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఫెస్టివల్లో పరువుతో పాటు ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో డైరెక్టరమ్మ వచ్చి, రిబ్బన్లు ఏ రంగు తేల్చారని అడిగారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. రిబ్బన్ల కోసమనుకుని ఓదార్చారు.

మార్చి 3, సోమవారం

ఫిల్మ్ వీక్ మొదలైంది. ఇవాళ రెండు సినిమాలు. టైటిల్స్ నొక్కుతూనే ఒక కన్ను ఆయన చేతి మీద వేశాను. మొదటి సినిమాలో తుఫాను సీను రాగానే సౌండ్ పైకి పోయింది. ఏం చెయ్యాలో తోచక ఎడమ చేత్తో ఆయన మోకాలు గట్టిగా నొక్కాను. ఆయన ఉలిక్కిపడి నా చెయ్యి వైపు చూశారు. తర్వాత మీట వైపు చూశారు. కొంచెం కిందికి దించారు. చెయ్యి తీసేశాను.

మళ్ళీ పెరిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ దించారు. రెండో సినిమాకి నేను నొక్కకముందే మోకాలు నా వైపు జరిపి పెట్టుకున్నారు.

ఒక్క మాట కూడా అనుకోలేదు. నడిచి ఇంటికొచ్చేదాకా కూడా అనుకోలేదు. కంప్లయింట్లు లేవు. సూపర్‌వైజర్ వచ్చి ఇవాళ సౌండ్ చాలా బాగుందని ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

మార్చి 4, మంగళవారం

ఇవాళ కూడా గట్టెక్కాం. నా ఎడమ చెయ్యి, ఆయన మోకాలు. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంతసేపు పట్టుకోలేదు.

మార్చి 5, బుధవారం

ఇవాళ పాటల ప్రోగ్రామ్. నేను బూత్‌లోనే ఉండాల్సింది. డ్రమ్ముల గ్రూపు ఎంతకీ స్టేజి దిగకపోతే దింపడానికి నేనే వెళ్ళాలి కదా. వెళ్ళాను. వాళ్ళని బతిమాలి దింపేసరికి తర్వాతి అమ్మాయి మైకు ముందుకొచ్చేసింది. ఆ అమ్మాయి దేశం నుంచి ఈ యూనివర్సిటీలో చదివేది తనొక్కతే. డాన్సు లేదు, వాయిద్యాలు లేవు. వాళ్ళమ్మమ్మ పాడే జోలపాట పాడతానని చెప్పింది. చాలా సన్నటి గొంతు.

ఆయనకి వినిపించి ఉండదు. సౌండ్ పెంచారు. పెంచుతూ పోయారు. మైకు కూత మొదలైంది. మొదట సన్నగా, తర్వాత హాలంతా. సూదితో చెవిలో పొడిచినట్టుంది. అందరూ రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. ఆ అమ్మాయి పాడటం ఆపి బిక్కచచ్చిపోయి నిలబడింది. నేను స్టేజి పక్కనుంచి బూత్ వైపు చూశాను. అందరూ తల్లడిల్లిపోతుంటే మా ఆయన ఒక్కరే ప్రశాంతంగా, సౌండ్ ఎంతుందో చూపే దీపాల వైపు చూసుకుంటూ, పాట మళ్ళీ ఎప్పుడు మొదలుపెడుతుందా అన్నట్టు కూర్చున్నారు.

నేను పరిగెత్తాను. చేతికందిన మీటలన్నీ కిందికి లాగేశాను. అప్పుడు హాలు వైపు చూశారాయన. చెవుల మీద అన్ని చేతులు చూశారు.

సూపర్‌వైజర్ వచ్చేసరికి అందరూ మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి మైకు పట్టుకుని స్పీకర్‌కి ఎదురుగా నిలబడింది, అందుకే కూసిందన్నాడు. అనుభవం లేనివాళ్ళు అలాగే చేస్తారని కూడా అన్నాడు. ఆ అమ్మాయి తలవంచుకుని సారీ చెప్పింది. నాకు తెలుసు, ఆ అమ్మాయి స్టేజి మీద మైకు కోసం గీత గీసిన చోటే నిలబడింది. గీత గీసింది నేనే. నోరు తెరవలేదు.

మార్చి 6, గురువారం, పొద్దున్నే

ఆయనే టీ పెట్టి తెచ్చారు. నాకు ఎదురుగా, నా మొహం కనిపించేలా కూర్చున్నారు. ఎప్పటి నుంచి అని అడిగాను. బాగా నిదానంగా, పెదాలు కదిలేలా అడిగాను. ఆయనకి సరిగ్గా తెలియదట. మగవాళ్ళ మాటలు వినిపిస్తాయట, లారీలు వినిపిస్తాయట, వాళ్ళమ్మ వినిపిస్తుందట. బూత్‌లో దీపాలున్నాయి, వాటిని చూసి నెట్టుకొచ్చేస్తున్నాననుకున్నారట. ఇంట్లో కూడా తేడా తెలియలేదా అన్నాను.

"ఇంట్లో నువ్వు మాట్లాడటం మానేశావనుకున్నా. ఏం తప్పు చేశానో అడగడానికి ధైర్యం చాల్లేదు."

ఏడాది పాటు ఈయన నా మాట లెక్కచేయడం లేదని నేను ఉడికిపోయాను. ఏడాది పాటు నేను అలిగానని ఈయన దిగులుపడ్డారు. ఒకే ఇంట్లో, ఒకే కొళాయి నీళ్ళు తాగుతూ. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆయనకి వినిపించదు గానీ కనిపిస్తుంది కదా. లేచొచ్చి పక్కన కూర్చున్నారు.

కాసేపయ్యాక, ఆ అమ్మాయిని ఏమన్నారని అడిగారు. చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. టీ గ్లాసు కింద పెట్టేశారు.

మార్చి 6, మధ్యాహ్నం

డైరెక్టరమ్మ గదికి ఆయన ఒక్కరే వెళ్ళారు. నేనొస్తానంటే వద్దన్నారు. ఏమన్నారో డైరెక్టరమ్మే తర్వాత నన్ను పిలిచి చెప్పారు.

"ఆ అమ్మాయి మైకు సరిగ్గానే పట్టుకుంది మేడమ్. నా చెవులే సరిగ్గా లేవు."

సూపర్‌వైజర్‌ని పిలిపించారట. పాటల ప్రోగ్రాములకి ఆయన ఇక కూర్చోరు. సోమవారం నుంచి సామాన్ల స్టోరు, సినిమాల రోజు ప్రొజెక్టర్ పని. ఈ వారం సినిమాలకి మాత్రం బూత్‌లో ఉండొచ్చు, నేను పక్కనుంటే. ఉద్యోగం పూర్తిగా పోలేదని నేను సంతోషించాలి. ఆయన వచ్చి బూత్ తాళంచెవి ఒకటి సూపర్‌వైజర్ చేతిలో పెట్టడం చూశాను. సంతోషం రాలేదు.

మార్చి 7, శుక్రవారం

పొద్దున్న చెవుల డాక్టర్ దగ్గరికెళ్ళాం. ముసలి డాక్టర్, ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటివాళ్ళకి ముందు సన్నటి శబ్దాలు పోతాయట. పిట్టలు, ఈలలు, ఆడవాళ్ళ గొంతులు. నాది సన్నటి గొంతు. అంటే అన్నిటికంటే ముందు పోయినవాటిలో నేనున్నాను. చెవికి మెషిన్ పెడితే వినికిడి కొంత వస్తుందట, అన్నీ రావట. మెషిన్ రావడానికి టైం పడుతుందట.

మధ్యాహ్నం జోలపాట అమ్మాయిని మళ్ళీ పాడమని పిలిచారు. మైకు స్టాండు ఆయనే సరిచేశారు. తనతో ఏదో చెప్పారు, తను తల అడ్డంగా ఊపి నవ్వింది. తర్వాత ఆయన వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నారు. బూత్‌లో సూపర్‌వైజర్. పాట నడిచినంతసేపూ ఆయన ఆ అమ్మాయి మొహమే చూశారు. నేను పక్కనే కూర్చుని విన్నాను. బాగుందా అని కళ్ళతో అడిగారు. బాగుందన్నాను. చాలా బాగుంది, మీరు వింటే బాగుండేది అని మాత్రం అనలేదు.

రేపు ఆఖరి రోజు. ఆఖరి సినిమా మన భాషదే. ఆయన మోజుపడి ఎంచుకున్న సినిమా, పాతికేళ్ళ నాడు ఇద్దరం కలిసి చూసినది. టైటిల్స్ అక్కర్లేదని ప్రోగ్రామ్‌లో వేశారు.

సాయంత్రం నుంచి కూర్చుని డైలాగులు టైప్ చేస్తున్నాను. విని, ఆపి, టైప్ చేసి, మళ్ళీ విని. చేతులు లాగేస్తున్నాయి. ఇలా మన మాటలు మన భాషలోనే రాస్తుంటే వింతగా ఉంది. ఈ పాత్రలు ఎంత వాగుతాయో ఇప్పుడే తెలిసింది.

మార్చి 8, శనివారం

డైరెక్టరమ్మ బూత్‌లోకి తొంగిచూసి, మన సినిమాకి మన భాషలోనే టైటిల్సా, ఎవరికోసం అని అడిగారు. ఎన్ని సాకులైనా చెప్పొచ్చు. అలసిపోయి ఉన్నాను, సాకు వెతికే ఓపిక లేదు.

"మా ఆయన కోసం" అన్నాను.

ఆవిడ లైట్లు తీయించడానికి వెళ్ళిపోయారు.

మొదటి లైను పడగానే హాల్లో గుసగుసలు. ఎవరో నవ్వారు కూడా. తర్వాత అలవాటైపోయింది. సౌండ్ కిందికే ఉంది, ఆయన దాన్ని ముట్టుకోలేదు. చెయ్యి నా మోకాలి మీద ఉంది.

కామెడీ సీను వచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఒక్క టైటిల్ కూడా ముందు వేయలేదు. మాట నోట్లోంచి వచ్చేటప్పుడే పడాలన్నది ఈ పనిలో మొదటి నియమం. ఇవాళ తప్పాను. కావాలనే తప్పాను. నటుడు నోరు తెరవకముందే మీట నొక్కాను.

ఆయన పగలబడి నవ్వారు. హాలంతా ఆయన తర్వాత నవ్వింది.

మార్చి 8, హాలు ఖాళీ అయ్యాక

ఆయన స్టేజి దగ్గర వంగి వైర్లు చుడుతున్నారు. నేను బూత్‌లో ఉన్నాను. పిలిస్తే వినపడదు. టైటిల్స్ లాప్‌టాప్ ఇంకా ఆపలేదు. టైప్ చేశాను. తెర అడుగున పెద్ద అక్షరాలు పడ్డాయి.

సోమవారం ప్లంబర్ వస్తాడు. తాళం పక్కింట్లో ఇవ్వండి.

ఆయన తలెత్తి చదివారు. ఖాళీ హాల్లో గట్టిగా, "ప్లంబర్ ఎందుకు?" అన్నారు.

కొళాయి కారుతోంది.

"ఏ కొళాయి?"

ఇంటికి పదండి, చూపిస్తాను.